కుడితి తొట్టి దగ్గర విన్న ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, పొద్దు గుంకే వేళకు అందరి ఇళ్లలో పొయ్యి రాజేసుకుని సంగటి కెలుక్కుంటారు, మా ఇంట్లో మాత్రం ఆ వేళ వచ్చిందంటే నా గుండె దడదడలాడేది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నా భర్త భుజాన తువ్వాలు వేసుకుని వంక దారి పట్టేవాడు. సర్కారువారు సారాయి నిషేధించిన రోజులవి, అయినా మా పల్లె కింద వాగులో, దాన్నే మేం వంక అంటాం, తుమ్మచెట్ల మాటున కాచేవాళ్లు కాస్తూనే ఉన్నారు, తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు. ఆయన తిరిగి వచ్చేసరికి సంగటి చల్లారి గట్టిపడేది, చల్లారిందని చెంబు విసిరేవాడు, వేడిగా పెడితే నోరు కాలిందని విసిరేవాడు, ఆ చెంబుకు పడ్డ సొట్టలన్నీ నా వీపుకు తెలుసు. అట్లా ఎనిమిదేళ్లు! ఎనిమిదేళ్లు నేను సాయంత్రాన్ని చూసి భయపడ్డాను.

ఈ పత్రికలో వచ్చే సాక్ష్యాలు నేను చదివించుకుని వింటాను. ఫలానా రోజు ప్రార్థన చేశాను, ఫలానా రోజు విడుదల కలిగింది అని ఒక్కొక్కరూ ఎంత తేటగా చెబుతారు! నా సంగతి అట్లా తేటగా ఉండదు, ముందే చెప్పేస్తున్నాను. దేవుడు మా ఇంట్లో కార్యం చేశాడన్నది నిజం, కానీ అందులో ఆయన చేసింది ఎంత, నా తెలివితక్కువతనం ఎంత, రెండు ఎద్దులు చేసింది ఎంత అన్నది ఇప్పటికీ విడదీసి చెప్పలేకుండా ఉన్నాను. నాకు అక్షరాలు రావు, నేను చెబుతుంటే మా పాప రాస్తోంది.

మా నాయన ధర్మవరం దగ్గర సేద్యం చేసేవాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నన్ను పెనుకొండ పక్కన, ఎర్రమంచి పోయే దారిలో ఉన్న ఈ పల్లెకు ఇచ్చారు. భర్త పేరు పలకడం మా వైపు ఆడవాళ్లకు అలవాటు లేదు గాని, చదివేవాళ్లకు తెలియాలి కనుక రాయిస్తున్నాను, తిప్పన్న. ఆయనకు ఒక తమ్ముడు, ఓబన్న, నాకు మరిది. ఇద్దరినీ పెంచి పెద్దచేసిన మా అత్త. నేను కాపురానికి వచ్చేసరికి మామ లేడు, ఆయన పోతూ పోతూ ఇద్దరు కొడుకులకు సేద్యంతో పాటు ఎద్దుల బండి పందెం పిచ్చి కూడా అప్పజెప్పి పోయాడు.

అది పిచ్చే గాని, చూడ ముచ్చటైన పిచ్చి! పెనుకొండ బయట బీడులో ఏడాదికొకసారి పశువుల పరస, అంటే పెద్ద సంత, జరిగేది, అక్కడ బండ్ల పందెం పెట్టేవాళ్లు. మా ఆయన ముందు కూర్చుని పగ్గాలు పట్టేవాడు, మరిది వెనుక నిలబడి బండి ఏ పక్కకు ఒరిగితే దానికి ఎదురు పక్కకు వంగి బరువు సరిచేసేవాడు, ఒకరు లేకుండా ఇంకొకరు ఏమీ చేయలేరు. ఎద్దులు కూడా అంతే. కాడికి కుడి పక్క కట్టేదాన్ని వలపటి ఎద్దు అంటాం, ఎడమ పక్కది దాపటి ఎద్దు. వలపటిది పుల్లడు, దాపటిది మచ్చడు, దూడలప్పటి నుంచి ఒకే కాడి కింద పెరిగినవి, వాటిని అటుదిటు కట్టినా, వేరే ఎద్దుతో కలిపి కట్టినా అడుగు వేయవు. పందెం దగ్గర పడిందంటే అత్త ఉలవలు ఉడకబెట్టేది, నేను కుడితి కలిపేదాన్ని, మగవాళ్లు బండి ఇరుసుకు ఆముదం పట్టించేవాళ్లు, ఇల్లంతా ఒకే పనిలో ఉండేది. గెలిచినా ఓడినా ఆ నెల రోజులు మా ఇంట్లో నవ్వులుండేవి, దేవుడు సాక్షి.

తర్వాత సారాయి వచ్చింది. సారాయి వెంట పోట్లాటలు వచ్చాయి. అన్న తాగి వచ్చి పొలంలో పడుకుంటే తమ్ముడు ఒక్కడే ఎన్నాళ్లు దున్నుతాడు? భాగాలు పంచుకుందామన్నాడు. పెద్దమనుషులు కూర్చున్న రోజు కూడా మా ఆయన తాగి వచ్చి, అందరి ముందు తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు. మరిది తిరిగి చేయి ఎత్తలేదు, ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడటం మానేశాడు. పొలం పంచుకున్నారు, ఇంటి నడుమ గోడ పెట్టుకున్నారు, ఎద్దులు తలా ఒకటి, పుల్లడు మాకు, మచ్చడు వాళ్లకు. కానీ మచ్చణ్ణి గోడ అవతలికి తోలుకుపోతే అది రెండు దినాలు రంకెలు వేసి మేత ముట్టలేదు, ఇక్కడ పుల్లడూ అంతే, అందుకని కొట్టాన్ని మాత్రం పంచలేకపోయారు. రెండింటికీ కుడితి పెట్టే పని నాదే అయింది.

అంతకు ముందే, మా పాపకు విషజ్వరం వచ్చి పెనుకొండ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పక్క మంచం దగ్గర కూర్చున్న ఒక పెద్దామె మా పాప నుదుటి మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది. నాకు ఆ మాటలు సగం అర్థం కాలేదు. కానీ ఎవరో ఎదురుగా ఉన్నట్టు, తెలిసినవాళ్లతో మాట్లాడినట్టు ఆమె మాట్లాడుతుంటే, అట్లా మాట్లాడుకోవడానికి నాకూ ఎవరైనా ఉంటే బాగుండునని ఏడుపు వచ్చింది. పాపకు నయమయ్యాక ఆమె చెప్పిన ఆదివారం ప్రార్థన కూటానికి పోవడం మొదలుపెట్టాను. మా ఆయనకు తెలిసి ఇల్లు పీకి పందిరేశాడు. ఇంట్లో ప్రార్థన చేయగూడదన్నాడు. సరే, ఇంట్లో వద్దంటే వద్దు, కొట్టం ఇల్లు కాదు గదా అనుకున్నాను నేను!

ఇక చూడండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కుడితి తొట్టి నింపి, ఎద్దుల మధ్య నిలబడి, లోపల ఉన్న దుఃఖమంతా ఒక్క పిలుపులో పెట్టి "ప్రభువా!" అని గట్టిగా పిలిచేదాన్ని. నేను ఆ పిలుపు పిలవగానే ఎద్దులు రెండూ చెవులు నిక్కబొడుచుకుని నా వైపు తిరిగేవి, తర్వాత తొట్టిలో మూతి పెట్టేవి, అవి తాగినంత సేపూ నేను నా ప్రార్థన చేసుకునేదాన్ని. కొన్నాళ్లకు ఎంత మారాయంటే ఆ మాట వినేదాకా తొట్టి ముట్టేవే కావు, నోటి వెంట జొల్లు కారుస్తూ నా ముఖంలోకే చూసేవి. నేనేమనుకున్నానో తెలుసా? నోరులేని జీవాలకు కూడా భక్తి కుదిరింది, ప్రార్థన అయ్యేదాకా ఆగి తాగుతున్నాయి అనుకుని ఆనందబాష్పాలు రాల్చాను. ఎంత పిచ్చిదాన్ని! కూటంలో సాక్ష్యం కూడా చెప్పాను, అందరూ తలలు ఊపారు.

ఒకరోజు పొద్దున్నే మా ఆయన కొట్టం గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. అప్పుడు తాగి లేడు. కోపం కూడా లేదు, ఎగతాళిగా ఉన్నాడు. పరస పదిహేను దినాల్లో ఉంది. అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా, నాయన కాలం నుంచి పరుగెత్తే జత ఇంట్లో కట్టేసి ఉండకూడదని అత్త పట్టుబట్టి, ఇద్దరినీ పందానికి ఒప్పించి పెట్టింది.

"ఎద్దులను గూడా నీ మతంలో కలుపుతాండావా?" అన్నాడు మా ఆయన. "సరే, ఒక మాట. ఈ తూరి మన జత గెలిస్తే నేను సారాయి మానుకుని నీ ఎంబడి ఆదివారం వస్తా. ఓడిపోతే ఆ పేరు ఇంట్లోనే గాదు, ఈ కొట్టంలో గూడా ఇనపడగూడదు. ఒప్పుకుంటావా?"

నేను ఆలోచించను కూడా లేదు. "ఒప్పుకుంటా" అన్నాను. ఎనిమిదేళ్ల సాయంత్రాలు ఒక్క పందెంతో పోతాయంటే ఏ ఆడది ఒప్పుకోదు? దేవుణ్ణి పందెంలో పెట్టకూడదని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్నో లేదో. ఆ పదిహేను దినాలు నేను ఎంతగా ప్రార్థించానంటే, పూటకు రెండుసార్లు కుడితి కలిపాను, రెండుసార్లు ప్రార్థన చేయవచ్చని! ఎద్దులు నిగనిగలాడుతూ బలిశాయి.

పరస నాడు బీడంతా జనం. ఆడవాళ్లకు పరుగు దారి పక్కన గట్టు మీద చోటిచ్చారు, నేను అత్తతో, పాపతో గెలుపు గీతకు కాస్త ఇవతల నిలబడ్డాను. అన్నదమ్ములు బండెక్కారు గాని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, చెప్పవలసింది ఎద్దులకు చెప్పేవాళ్లు. "పుల్లా, ఆ ఎనక నిలబడినాయప్పను రొంత ముందుకొంగమను" అనేవాడు మా ఆయన. "మచ్చా, ముందు కూర్చునినాయప్ప పగ్గం ఇంత బిగించి పడితే నేనేం చేసేది" అనేవాడు మరిది. చుట్టుపక్కలవాళ్లు నవ్వుకున్నారు, మా అత్త నవ్వలేదు.

అయినా బండి కదిలితే చాలు, ఆ ఇద్దరి ఒళ్లు ఒకే ఒళ్లుగా పనిచేసేవి. ఒక్కొక్క బండినీ దాటుకుంటూ వచ్చి, చివరికి రెండు జతలు మిగిలాయి, మాదీ, హిందూపురం నుంచి వచ్చిన వాళ్లదీ. ఆ రెండూ పక్కపక్కన బయలుదేరాయి. దుమ్ములో ముందు ఏమీ కనబడలేదు, తర్వాత పుల్లడి కొమ్ములు కనబడ్డాయి, హిందూపురం జత కంటే ఒక బండి పొడవు ముందున్నారు మావాళ్లు! నేను మనసులో ప్రార్థన చేసుకుంటున్నాను, నోరు మూసుకునే ఉన్నాను, ప్రమాణంగా చెబుతున్నాను. కానీ బండి నా ఎదురుగా వచ్చేసరికి, ఇంకొక్క గుక్క పరుగు మిగిలిందనేసరికి, మా ఆయన ముఖంలో ఎన్నేళ్లుగానో చూడని వెలుగు చూసేసరికి, లోపల పట్టుకోలేక, రోజూ కొట్టంలో ఎట్లా పిలిచేదాన్నో అట్లా, గొంతెత్తి, "ప్రభువా!" అన్నాను.

ఎద్దులు రెండూ ఒక్కసారే చెవులు నిక్కబొడిచాయి. ఒక్కసారే తిరిగాయి. దారి వదిలి గట్టు మీదికి నేరుగా నా దగ్గరికి వచ్చేశాయి! ఆడవాళ్లు కేకలు పెట్టి చెదిరిపోయారు, బండి చక్రం గట్టుకు తగిలి ఎగిరింది, మరిది దూకేశాడు, మా ఆయన పగ్గాలతో సహా దుమ్ములో పడి దొర్లాడు. ఎద్దులు మాత్రం వచ్చి నా ముందు నిలబడి, తొట్టి ఏది అన్నట్టు నా చీర కుచ్చెళ్లలో మూతులు పెట్టాయి. హిందూపురం జత దాటిపోయింది. బీడంతా నవ్వింది. నేను నిలబడ్డ చోటే నిలబడి, ఎద్దుల జొల్లు కాళ్ల మీద పడుతుంటే, ఏం జరిగిందో అర్థం కాక వాటి ముఖాలు చూస్తూ ఉండిపోయాను.

మా ఆయన లేచాడు. మోచేయి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "అయిపాయ. మాట గుర్తుండాది గదా" అన్నాడు మెల్లగా, అంతే, వంక వైపు నడిచిపోయాడు.

సహోదరులారా, ఆ తర్వాతి రోజులు నేను ఎట్లా బతికానో చెప్పలేను. ప్రభువు పేరు పిలిచినందుకే ప్రభువు పేరు పోగొట్టుకున్నాను, ఇదేం లెక్క? కూటంలో ఒకామె సాతాను ఎద్దులను తిప్పాడంది. ఇంకొకామె నా విశ్వాసం చాల్లేదంది. కూటం నడిపే అయ్యగారు దేవుణ్ణి శోధించడం, పరీక్ష పెట్టడం తప్పమ్మా అన్నారు, అది తప్పేనని ఒప్పుకున్నాను, కానీ తప్పు నాదైతే శిక్ష నాకు పడాలి గదా, మా ఆయన ఇంకో ఎనిమిదేళ్లు తాగడమేమిటి అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ప్రార్థన చేద్దాం అన్నారు. ఊళ్లో బడి పంతులు మాత్రం అసలు సంగతి చెప్పాడు. కుడితి పెట్టేటప్పుడు రోజూ ఏ మాట పిలిస్తే ఎద్దుకు ఆ మాటే కుడితి, నువ్వు వాటికి భక్తి నేర్పలేదమ్మా, ఆకలి నేర్పినావు అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. భక్తి అని కూటంలో సాక్ష్యం చెప్పినదాన్ని!

మాట ఇచ్చాను కనుక నోరు మూసుకున్నాను. మనసులో అనుకోవచ్చు గదా అని మీరు అడుగుతారు, అనుకోబోతే కూడా ఆ దుమ్ము, ఆ నవ్వులు గుర్తొచ్చి మాట ముందుకు పోయేది కాదు. మర్నాడు తొట్టి నింపి ఊరికే నిలబడ్డాను. ఎద్దులు నన్ను చూశాయి. నేను వాటిని చూశాను. అవి మూతి పెట్టలేదు. సాయంత్రమూ పెట్టలేదు. బాన దగ్గర పచ్చినీళ్లు తాగేవి, మేత కొరికేవి, కుడితి మాత్రం ముట్టేవి కావు. అత్త ఉప్పు కలిపింది, బెల్లం కలిపింది, మెడ పట్టి వంచింది, ఊహూఁ. పది దినాలకు నిగనిగలాడిన ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి. పశువుల డాక్టరు పెనుకొండ నుంచి వచ్చి నాలుక చూసి, కడుపు నొక్కి, జబ్బేమీ లేదన్నాడు. వానలు దగ్గర పడుతున్నాయి, వేరుశనగ వేయడానికి దుక్కి దున్నాలి, ఎద్దులు లేస్తే నిలబడలేవు. గోడ అవతలి నుంచి మరిది గట్టిగా, వాళ్ల అమ్మతో అన్నట్టు అన్నాడు, నా ఎద్దు చచ్చిపోతే ఆ ఇంటివాళ్ల నీళ్లు కూడా ముట్టను అని. చచ్చేది ఎద్దు ఒక్కటే కాదు, ఈ ఇంట్లో మిగిలిన ఆ కాస్త కలయిక కూడా చచ్చిపోతుందని నాకు అర్థమైంది.

అత్తకు అంతా చెప్పాను. ఆమె నేరుగా కొడుకు దగ్గరికి పోయి, నాయనా, ఆ పిల్లను పిలవనీ, నీ మాట ఎనక్కి తీసుకో, ఎద్దులు పోతాయి అంది. మా ఆయన రోషగాడు, అన్న మాట వెనక్కి తీసుకోవడం కంటే తల తీసుకోవడం మేలనుకునే మనిషి. పుల్లా అని పిలిచి చూశాడు, మచ్చా అని పిలిచాడు, బసవన్న అన్నాడు, ఊళ్లో ఉన్న దేవుళ్లందరినీ పిలిచాడు. ఎద్దులు మూతి పెట్టలేదు. నన్ను పిలవనిస్తే ఓడిపోయినట్టు, ఎద్దులు చస్తే అంతకంటే ఓడిపోయినట్టు. నిలబడి నిలబడి, చివరికి ఆయనే, దొంగతనం చేసేవాడిలాగా అటూ ఇటూ చూసి, గొంతు లోపలే "ప్రభువా" అన్నాడు. ఎద్దులకు వినబడలేదు. మళ్లీ అన్నాడు. అవి చెవులు కదిపాయి గాని వంగలేదు. అప్పుడిక వేరే దారి లేక, నేను ఎట్లా పిలిచేదాన్నో అట్లా, వీధిలో పోయేవాళ్లు నిలబడి చూసేటట్టు, గొంతెత్తి పిలిచాడు. రెండూ తలలు దించి తొట్టి ఖాళీ చేశాయి!

నవ్వకండి. నేను తడిక వెనుక నిలబడి చూస్తూ నవ్వాలో ఏడవాలో తెలియక నోట్లో కొంగు కుక్కుకున్నాను.

అప్పటి నుంచి ఆ పని ఆయనదే అయింది. పొద్దున ఒకసారి పిలవాలి, సాయంత్రం ఒకసారి పిలవాలి. సాయంత్రం ఎప్పుడు? పొద్దు గుంకే వేళ. వంక దారి పట్టే వేళే! కుడితి పెట్టి పోదామంటే అవి నిదానంగా తాగుతాయి, తాగినాక మెడ నిమరాలి, అంతలో చీకటి పడి వంక దగ్గర కాచేవాళ్లు మూట కట్టుకుపోయేవాళ్లు. వారంలో నాలుగు దినాలు అట్లా తప్పిపోయేది. మిగతా మూడు దినాలు ముందుగానే పోయి తాగి వచ్చి పిలిచేవాడు. ఇది దేవుడు చేసింది అనాలా, ఎద్దులు చేసింది అనాలా? నాకు తెలియదు, తెలియదనే చెబుతున్నాను.

ఒక సాయంత్రం ఎప్పటికంటే ఎక్కువ తాగి వచ్చాడు. తూలుతూ కొట్టంలోకి పోయి, తొట్టి సగం ఒలకబోసి, ముద్ద మాటతో పిలిచాడు. ఎద్దులు ఆ గొంతును గుర్తుపట్టలేదో, ఆ వాసన గిట్టలేదో, రెండూ ముఖాలు పక్కకు తిప్పుకుని వెనక్కి జరిగాయి. మళ్లీ పిలిచాడు. ఇంకా జరిగాయి. మూడోసారి ఆయన పిలవలేదు. తొట్టి పక్కన నేల మీద కూలబడ్డాడు. పడిపోయాడేమోనని నేను తడిక దగ్గరికి పోయాను. అప్పుడు విన్నాను, సహోదరులారా, నా చెవులతో విన్నాను, మా ఆయన మాట్లాడుతున్నాడు. ఎద్దులతో కాదు.

"సామీ, నాకు అడిగేది రాదు. నువ్వుండావో లేదో గూడా నాకు తెలీదు. ఈ నోరు లేని జీవాలు నీ పేరంటే తాగుతాండాయి. నీ పేరంటే నేను తాగకుండా ఉండేటట్టు చెయ్యి. నా తమ్మున్ని కొట్టినా. నా ఆడదాన్ని కొట్టినా. ఎద్దులు గూడా మొగం తిప్పుకున్యాయి. ఇంగ నేను యాడికి పోవాల?"

అంతే ప్రార్థన. అందులో ఆమెన్ కూడా లేదు, ఆయనకు ఆ మాట తెలియదు. నేను లోపలికి పోయి పక్కన కూర్చున్నాను. నువ్వే పిలువు, నీ మాట నీకు ఇచ్చేసినా అన్నాడు నాతో. పిలుద్దామని నోరు తెరిచాను, నెల దినాలుగా ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన మాట, ఏడుపు అడ్డం వచ్చి రాలేదు. ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. కాసేపటికి ఎద్దులే వచ్చి మిగిలిన కుడితి తాగాయి, ఎవరూ పిలవకుండానే. దానికి అర్థమేమిటని నన్ను అడగకండి.

ఆ రోజుతో అంతా మారిపోయిందని రాయిస్తే బాగుంటుంది గాని అబద్ధం అవుతుంది. వారం దినాలు ఆయన చేతులు వణికాయి, ఒళ్లు చెమటలు పట్టింది, అత్తా నేనూ చెరో పక్క కూర్చుని మజ్జిగ తాగించాం. మళ్లీ రెండుసార్లు వంకకు పోయాడు, దాచను. రెండోసారి తిరిగి వచ్చి వాకిట్లోనే పడుకున్నాడు, లోపలికి రావడానికి సిగ్గుపడి. తర్వాత పోలేదు. ఆదివారం కూటానికి నా వెంట రావడం మొదలుపెట్టాడు, వెనక గుమ్మం దగ్గర కూర్చునేవాడు. ఇంత జరిగినా మరిది మాత్రం అన్నతో మాట్లాడలేదు. చెంపదెబ్బ అట్లాంటిది. మా ఆయన క్షమించమని అడగడానికి రోషం అడ్డం, మరిది మాట్లాడటానికి నొప్పి అడ్డం. నిజం చెప్పాలంటే సారాయి మానాడని మరిది నమ్మలేదు, ఇట్లాంటి మానడాలు చాలా చూశాడు గదా. నేనూ పూర్తిగా నమ్మలేదు. ప్రతి సాయంత్రం గుండె దడదడమంటూనే ఉండేది.

ఏడాది తిరిగింది. పరస వచ్చింది. అత్త మళ్లీ ఇద్దరినీ బండెక్కించింది. ఈసారి కూటంలో అందరూ ప్రార్థన చేశారు, అయ్యగారు కూడా చేశారు, తాగుడు మానిన మనిషి గెలిస్తే ఎంత మంచి సాక్ష్యమని! నేను గెలిపించమని అడగలేదు, అడగడానికి భయమేసింది. ఏం అడగాలో తెలియక ఊరికే నిలబడ్డాను, నోటికి చేయి అడ్డం పెట్టుకుని. ఎద్దులు బాగా పరుగెత్తాయి, అన్నదమ్ములు తప్పు చేయలేదు, ఎవరూ కేక వేయలేదు. హిందూపురం జత ఇంకా బాగా పరుగెత్తింది. ఓడిపోయాం. ఏ వింతా జరగలేదు, వాళ్ల ఎద్దులు మేలైనవి, అంతే.

నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే సారాయి పట్టినప్పటి నుంచి ఏ ఏడూ గెలిచినా ఓడినా పందెం నుంచి ఆయన ఇంటికి వచ్చింది లేదు, నేరుగా వంకకే పోయేవాడు. బండి తోలుకుని అందరం నడిచి వస్తున్నాం, ఆయన ముందు, మరిది బండి పక్కన, నేనూ అత్తా పాపా వెనక. పొద్దు గుంకుతోంది. మా పల్లె ముందు దారి రెండుగా చీలుతుంది, ఒకటి ఇంటికి, ఒకటి వంకకు. ఆయన అక్కడ నిలబడిపోయాడు. బండి నిలబడింది. వంక వైపు తుమ్మచెట్లలో పొగ లేస్తోంది, నాకే కనబడిందంటే ఆయనకు కనబడకుండా ఉంటుందా? ఆ నిమిషంలో నేను ప్రార్థన చేశానని చెప్పాలని ఉంది గాని చేయలేదు, నాకు ఒక్క మాట కూడా తోచలేదు. అత్త నా చేయి గట్టిగా పట్టుకుంది.

మాట్లాడింది మరిది. రెండేళ్ల తర్వాత, ఎద్దుతో కాదు, మనిషితో.

"అన్నా, యాడికి?"

మా ఆయన వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాడు. ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నాను, క్షమాపణ అడుగుతాడనుకున్నాను.

"ఇంటికేరా. ఓడిపోయినాం గదా, ఆకలైతాండాది" అన్నాడు.

ఇద్దరూ నడిచారు. ఆ సాయంత్రం నేను సంగటి చేశాను, వేరుశనగ ఊరిబిండి పచ్చడి నూరాను, గోడ అవతలి వాళ్లు కూడా మా ఇంట్లోనే తిన్నారు. తింటూ తింటూ మరిది, బండి ఎడం పక్కకు లాగుతాండాది, ఇరుసు చూడాల, అన్నా, అన్నాడు, రేపు చూస్తాంలే అన్నాడు మా ఆయన.

సహోదరీ, మీ ఇంట్లో కూడా పొద్దు గుంకుతోందేమో, మీరు అడిగినదానికి సరిగ్గా ఎదురు జరిగిందేమో, మీ నోటి మాటే మీ కొంప ముంచిందేమో. నాకు జరిగింది అదే. ఎందుకట్లా జరిగిందో నాకు ఈ రోజుకూ అర్థం కాలేదు, అయ్యగారికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్ముదామని కూర్చోకండి, అర్థం కాకుండానే ఆయన దగ్గరికి రండి, ఆమెన్ చెప్పడం రాకపోయినా రండి. నేను గెలుపు అడిగాను, ఆయన అది ఇవ్వలేదు. ఓడిపోయిన సాయంత్రం ఇంటికి నడిచి వచ్చి, అందరితో కూర్చుని, వేడి సంగటి తిన్న మనిషిని ఇచ్చాడు. నా దగ్గర ఉన్న సాక్ష్యం ఇంతే. దేవునికే మహిమ.